కొత్త రంగు కనపడ్డ చోటే సుత్తి వెయ్యాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఎర్రటి బండి పక్కన నిలబడ్డ ఆసామి మొహంలో ఆనందం చూస్తే నాకూ ముచ్చటేసింది. కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. పైపై తుప్పు చూసి భయపడక్కర్లేదు, గీకించి రంగు వేయిస్తే మళ్ళీ రోడ్డెక్కించొచ్చు అన్నట్టు రాశారు. అది రాసినాయన ఏ కారు కిందా వెల్లకిలా పడుకుని చూసినట్టు లేదు. నేను చూశాను. ఉత్తరం పొడుగవుతుంది. ఎక్కడ కత్తిరిస్తారో మీ ఇష్టం గానీ, స్క్రూడ్రైవర్ సంగతి మాత్రం ఉంచండి.

నేను విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా వైపు ఇప్పటికీ ఆ చోటుని సింధియా అనే అంటారు. చివరి పద్దెనిమిదేళ్ళు నా పని రిపేరుకొచ్చిన ఓడల పొట్ట కింద. డ్రై డాక్‌లో నీళ్ళు తోడేశాక కిందకి దిగి, పలక పలకనీ సుత్తితో కొట్టి, అనుమానం వచ్చిన చోట గేజి పెట్టి మందం చూసి, మార్చాల్సిన పలక చుట్టూ సుద్దతో గీత గీసేవాణ్ణి. ఆ గీత ఖరీదు ఒక్కోసారి లక్షల్లో ఉండేది. అందుకని గీసే ముందు టీ ఇప్పించేవాళ్ళు, గీశాక మొహం తిప్పుకునేవాళ్ళు. రెండూ అలవాటైపోయాయి.

కార్ల గురించి నాకు పెద్దగా తెలీదు. తుప్పు గురించి తెలుసు. ఉండేది మల్కాపురంలో. అక్కడి సముద్రపు గాలికి కిటికీ ఊచలు కూడా మాట వినవు.

మా అబ్బాయి ఇంగ్లండులో కవెంట్రీలో ఉంటాడు. 2023 వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళి నాలుగు నెలలున్నాం. మేం వెళ్ళేసరికి ఇంటి ముందు పచ్చటి, పసుపుముద్ద లాంటి రెండు సీట్ల కారు ఉంది. పైకప్పు గుడ్డది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1500, 1978 మోడలు. ముందు నెలే 3,200 పౌండ్లు పెట్టి కొన్నాడట. ఆ కారు పుట్టింది ఆ ఊళ్ళోనే. కాన్లీ అనే పేటలో ట్రయంఫ్ ఫ్యాక్టరీ ఉండేది. 1962 నుంచి 1980 దాకా స్పిట్‌ఫైర్లు మూడు లక్షల పైచిలుకు చేశారు. ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఆ జాగాలో ఆఫీసులూ గోడౌన్లూ ఉన్నాయి, మధ్యలో ఒక రోడ్డుకి మాత్రం హెరాల్డ్ అవెన్యూ అని పేరు మిగిలింది. హెరాల్డ్ అనే పేరు చూసి నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. అది తర్వాత చెప్తాను.

మావాడు బానెట్ ఎత్తి చూపించాడు. ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. కూర్చోడానికి చక్రమే ఉంది, స్టూలు అక్కర్లేదు. ఇంజన్ చుట్టూ ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, అంతా ఆయిలు జిడ్డు. ఇంగ్లీషు కార్లు ఆయిలు కారుస్తాయని వాళ్ళే జోకులు వేసుకుంటారట. ఆ కారడం వల్లే ముందు ఛాసిస్‌కి తుప్పు పట్టలేదు, నున్నగా ఉంది. సరే, మంచిదే అనుకున్నాను.

"ఆదివారం అందరం కెనిల్‌వర్త్ కోటకి పోదాం నాన్నా. రెండు ట్రిప్పులేస్తాను. ముందు నువ్వూ నేనూ. తర్వాత అమ్మ."

"దీనికి టెస్ట్ చేయించావా?"

"నలభై ఏళ్ళు దాటిన బండికి టెస్ట్ అక్కర్లేదు నాన్నా. చట్టమే వదిలేసింది."

"చట్టం వదిలేస్తే తుప్పు వదిలేస్తుందేట్రా?"

వాడన్నది అబద్ధం కాదు. అక్కడ మామూలు కారుకి మూడేళ్ళు నిండాక ఏటా ఎంఓటీ అని ఒక పరీక్ష ఉంటుంది. పాస్ కాకపోతే రోడ్డెక్కకూడదు. 2018 మే నుంచి, నలభై ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చెయ్యని బళ్ళకి అది తప్పనిసరి కాదు. పాత బళ్ళవాళ్ళు వాటిని ప్రాణంగా చూసుకుంటారు, ఎప్పుడో గానీ బయటికి తియ్యరు అని వాళ్ళ లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ ప్రాణంగా చూసుకునేవాడు బండిని అమ్మేశాక కొన్నవాడి సంగతేంటి? పైగా టెస్ట్ నుంచి మినహాయింపే గానీ బాధ్యత నుంచి కాదు. ప్రమాదకరంగా ఉన్న బండి నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. ఇది మా కోడలు ఫోన్లో వెతికి చదివి వినిపించింది. మావాడికి నచ్చలేదు.

మర్నాడు ఉదయం మావాడు ఆఫీసుకి వెళ్ళాక వాకిట్లో దుప్పటి పరిచి కారు కిందకి తొంగి చూశాను. కింద అంతా నల్లగా నిగనిగలాడుతోంది. తారు లాంటి రంగు, కొత్తగా వేసింది. ఇంకా వాసన కూడా పోలేదు.

ఎడిటర్ గారూ, నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది మొత్తం ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తాను. ఓడ సర్వేకి, అంటే తనిఖీకి, వచ్చే ముందు ఎక్కడ కొత్తగా రంగు వేశారో ముందు అక్కడికే వెళ్ళాలి. పాత రంగు పెచ్చులు లేచి, ఎర్రగా బయటపడ్డ తుప్పు ఏదీ దాచదు. దాని కింద ఎంత ఇనుము ఉందో గీకితే తెలుస్తుంది. దాచిపెట్టేది కొత్త రంగు.

ఇంట్లో సుత్తి లేదు. మావాడి పెట్టెలో ఒక పెద్ద స్క్రూడ్రైవర్ దొరికింది. దాని పిడితో తలుపు కింద పొడుగ్గా ఉండే పెట్టె లాంటి భాగాన్ని, అక్కడ సిల్ అంటారు, ముందు నుంచి వెనక్కి కొట్టుకుంటూ వచ్చాను. మంచి రేకు పలుకుతుంది. 'టంగ్' అని కాకపోయినా 'టక్' అనైనా అంటుంది. ఇది ముందు రెండు జానల మేర పలికింది. తర్వాత 'డబ్' 'డబ్' అంది, తడి గోడని కొట్టినట్టు. అంటే అక్కడ ఇనుము లేదు, ఇంకేదో ఉంది.

ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీద చూశాను. మేం తీసుకెళ్ళిన సింహాద్రి అప్పన్న మాగ్నెట్ ఉంది. దాని వెనకాల పల్చటి గుడ్డ కట్టి, దణ్ణం పెట్టుకుని, రంగు మీద గీతలు పడకుండా సిల్ మీద ఆనించుకుంటూ వచ్చాను. మొదట అంటుకుంది. మధ్యలో జారింది. వెనక చక్రం దగ్గర అసలు పట్టలేదు, చేతిలోకి వచ్చేసింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అప్పన్నే వద్దన్నాక ఇంకేటి చూస్తారు, లోపలికి రండి" అంది.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో లేనిది ఇదే. తుప్పు ఎంత ఉంది అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ తుప్పు పట్టిన ముక్క దేన్ని మోస్తోంది అని. మా ఓడల్లో కూడా అంతే. రెయిలింగుకి చిల్లు పడితే ఆ నెల్లో చూద్దాం అంటాం. అదే చిల్లు అడుగు పలకకి పడితే ఓడ కదలదు. డిక్కీ మూత మీద అరచేయంత తుప్పు ఉన్నా ఆ కారు నడుస్తుంది, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, అంతే. సీటు బెల్టు బోల్టు పట్టిన రేకులో రూపాయి బిళ్ళంత తుప్పు ఉంటే, గుద్దుకున్న రోజున బెల్టు బోల్టుతో సహా ఊడొస్తుంది. ఎంఓటీ వాళ్ళు కూడా ఈ లెక్కే వాడతారు. చక్రాల జాయింట్లు, స్టీరింగు, బ్రేకులు, సీటు బెల్టు బిగించిన చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపల రేకు బలం పోయిందా అని చూస్తారు.

ఇంకొకటి. ఓడ పలక పన్నెండు మిల్లీమీటర్లు అనుకోండి. రెండు మిల్లీమీటర్లు తుప్పు తినేసినా పది మిగులుతుంది, ఇంకొన్నేళ్ళు తిరుగుతుంది. ఐదో వంతు, నాలుగో వంతు పోయిందంటే అప్పుడు మార్పు మాట. కారు బాడీ రేకు మందమే మిల్లీమీటరు, అదీ అటూ ఇటూగా. దాంట్లో నాలుగో వంతు పోవడానికి ఎన్ని శీతాకాలాలు కావాలి? అక్కడ చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. చెషైర్‌లో విన్స్‌ఫర్డ్ అనే చోట భూమిలోంచి తవ్వి తీసిన రాతి ఉప్పు, లారీల కొద్దీ. మనకి ఉప్పు గాలిలో వస్తుంది, వాళ్ళకి చక్రాల కింద నుంచి చిమ్ముతుంది. అది సిల్ లాంటి మూసిన పెట్టెల్లోకి దూరి లోపల నుంచి తింటుంది. బయట బుడగలా పొంగు కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు జాగా తీసుకుంటుంది, అందుకే ఆ పొంగు.

స్పిట్‌ఫైర్‌లో ఈ సిల్ అలంకారం కాదు. ఇది ట్రయంఫ్ వాళ్ళదే హెరాల్డ్ అనే కారు ఛాసిస్ నుంచి పుట్టిన బండి. హెరాల్డ్ ఛాసిస్‌కి పక్కలకి చేతుల్లాంటి కమ్మీలుంటాయి, బాడీ వాటి మీద కూర్చుంటుంది. స్పిట్‌ఫైర్‌కి ఆ పక్క చేతులు తీసేసి, ఆ పని సిల్‌కి అప్పజెప్పారు. ఇంకా విచిత్రం, వెనక చక్రం ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకునే కడ్డీ ఒకటుంటుంది. దాని రెండో కొస ఛాసిస్‌కి కాకుండా, సీటు వెనకాల బాడీ రేకుకి బిగించి ఉంటుంది. అంటే ఆ పల్చటి రేకే వెనక చక్రాన్ని పట్టుకుని ఉంది. అప్పన్న జారిపోయింది సరిగ్గా దాని పక్కనే.

సాయంత్రం మావాడు వచ్చాక చెప్పాను. నమ్మలేదు. కొనేటప్పుడు ఇంటికొచ్చి రిపేర్లు చేసే మెకానిక్కుని ఒకతన్ని తీసుకెళ్ళి చూపించాడట. ఈ వయసు బండికి ఇదేం తుప్పు, ఇంకో ఐదేళ్ళు హాయిగా తిరగొచ్చు అన్నాడట. ఎక్కడ చూశాడ్రా అంటే, ఇంజన్ చూశాడు, టైర్లు చూశాడు, ఒక రౌండు నడిపాడు అన్నాడు. కింద? వాన పడుతోంది నాన్నా. అప్పటికే డబ్బులిచ్చేద్దామని వెళ్ళాడు మావాడు. పిల్ల నచ్చాక జాతకం చూపించినట్టు.

"సరే, రేపు శనివారమే కదా. జాకీ తియ్యి, చూద్దాం" అన్నాను.

శనివారం పొద్దున్న జాకీ తెచ్చి, పుస్తకంలో రాసిన చోటికి కొంచెం పక్కగా, నేల రేకు కింద పెట్టి ఎత్తాడు. కారు లేవలేదు. జాకీ లేచింది. అప్పడం విరిగిన చప్పుడు. కార్పెట్ కింద నుంచి ఎర్ర పొడి రాలింది. మావాడి మొహం చూడలేకపోయాను. తర్వాత ఛాసిస్ పట్టీ కింద పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టాం. జాకీని నమ్మి ఎవరూ బండి కిందకి దూరకండి, ఇది కూడా అచ్చెయ్యండి.

అప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో చూశాను. పొడవలేదు, బొటనవేలితో నొక్కినంత బలమే. కడ్డీ బిగించిన చోటికి జానెడు దూరంలో నల్ల రంగు పొర మీద ఆనించి నొక్కితే మొన లోపలికి దిగిపోయింది, పిడి దాకా. నేను తియ్యలేదు. "నువ్వే తియ్యి" అన్నాను. వాడు తీశాడు. కంతలోంచి నీళ్ళు కారాయి, రెండు రోజుల కిందటి వాన.

ఇంకో పరీక్ష కూడా చేశాం, ఇది ఎవరైనా చెయ్యొచ్చు. కారు కిందకి దింపి, తలుపు వేసి, తలుపుకీ వెనక రేకుకీ మధ్య పైన సందు ఎంతుందో చూశాను. రెండు పది రూపాయల నాణేలు కలిపి పెడితే దూరాయి. మావాణ్ణీ కోడల్నీ లోపల కూర్చోబెట్టి మళ్ళీ పెట్టాను. ఒక్క నాణెమే కష్టంగా దూరింది. ఇద్దరు మనుషుల బరువుకే కారు నడుం వంగుతోంది. పైకప్పు గుడ్డది కాబట్టి పైన పట్టుకునేది ఏమీ లేదు, కింద సిల్ పోతే ఇంక మధ్యలో విరుచుకోవడమే.

మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. కళ్ళజోడు, తలకి స్కార్ఫు, అన్నీ సిద్ధం చేసుకుని మెట్ల మీద కూర్చుంది. "తాతా, స్లోగా వెళ్తే?" అంది. ఆ ప్రశ్న మీ పాఠకులు కూడా అడుగుతారు. నెమ్మదిగా వెళ్తే ఏం కాదు, పక్క వీధి దాకే కదా, గ్యారేజీ దాకే కదా అని. మా ఆవిడ కూడా అదే అంది. కానీ కడ్డీ ఊడినప్పుడు వెనక చక్రం పక్కకి తిరుగుతుంది, కారు మనం తిప్పని వైపు పోతుంది. ఎదురుగా వచ్చేవాడు నెమ్మదిగా రావాలని రూలేం లేదు కదా. గ్యారేజీకి కూడా దాన్ని నడుపుకుంటూ పోవద్దన్నాను. ట్రెయిలర్ మీద ఎక్కించాం. దానికి తొంభై పౌండ్లు. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కెనిల్‌వర్త్‌కి బస్సులో వెళ్ళొచ్చాం.

వెల్డింగ్ షెడ్డు నడిపే పెద్దాయన ఒకాయన, నా ఈడువాడే. నా ఇంగ్లీషు ఆయనకీ ఆయన ఇంగ్లీషు నాకూ సగం సగం అర్థమయ్యాయి గానీ, ఆయన సిల్ మీద వేలి ముడితో కొట్టి చెవి ఆనించిన తీరు చూసి మనవాడే అనుకున్నాను. సిల్ కొయ్యడానికి ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనప కమ్మీలు వెల్డ్ చేశాడు, కోసినప్పుడు బాడీ ముడుచుకుపోకుండా. మేం ఓడ పలక కోసేటప్పుడు చేసేదీ అదే. తర్వాత కోశాడు. లోపల నుంచి గోధుమరంగు పెచ్చులు దోసిళ్ళకొద్దీ రాలాయి. వాటి వెనకాల లప్పం ముద్ద. లప్పానికి ఆసరాగా లోపల కుక్కింది ఏమిటో తెలుసా అండీ? న్యూస్ పేపర్. ఉండలు చుట్టిన ఇంగ్లీషు పేపర్. ఒక ఉండ విప్పితే టీవీ ప్రోగ్రాముల పేజీ. ఎప్పుడో ఎవడో చిల్లులో పేపర్ కుక్కి, మీద లప్పం మెత్తి, రంగు వేసి అమ్మాడు. నాకు పత్రికలంటే గౌరవం ఉంది, నలభై ఏళ్ళుగా మీ చందాదారుణ్ణి. కానీ అది మోసే బరువు కాదు కదా.

ఇంతవరకూ నేను గెలిచిన కథలాగే ఉంది. నేను ఓడిన ముక్క కూడా రాయాలి.

పెద్దాయన ముందు చక్రాల దగ్గర గ్రీజు వాసన చూసి మొహం చిట్లించాడు. ఈ కార్లలో ముందు చక్రం తిరగడానికి కింద ట్రనియన్ అని ఒక ఇత్తడి దిమ్మ ఉంటుంది. దాంట్లో ఉక్కు కడ్డీ మర మీద తిరుగుతుంది. దానికి వెయ్యాల్సింది గ్రీజు కాదు, చిక్కటి గేర్ ఆయిలు. గ్రీజు గడ్డకట్టి కిందదాకా దిగదు, అడుగున నీళ్ళు చేరతాయి, మర దగ్గర ఉక్కు తుప్పు పట్టి ఏదో రోజు పుటుక్కుమంటుంది. విప్పితే ఎర్రటి నీళ్ళొచ్చాయి. మర సగం తినేసి ఉంది. ఆ దిమ్మ మీద నేను రెండుసార్లు టార్చి వేసి చూశాను. బయట శుభ్రంగా ఉంది, గ్రీజు కూడా పెట్టారు, బాగుంది అనుకుని వదిలేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, హెరాల్డ్. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మీ పెద్ద వయసు పాఠకులకి తెలిసే ఉంటుంది. ట్రయంఫ్ హెరాల్డ్‌నే ఇక్కడ ఆ పేరుతో చేశారు. ముందు చక్రాల దగ్గర అవే ఇత్తడి దిమ్మలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక హెరాల్డ్ మలుపు తిరుగుతూ తిరుగుతూ కుడివైపు ముందరి చక్రం మడిచేసి, మోకాలి మీద కూలబడ్డట్టు కూలబడింది. స్పీడు లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. చుట్టూ చేరినవాళ్ళం రోడ్డుని తిట్టాం, మునిసిపాలిటీని తిట్టాం. డ్రైవర్ మాత్రం నెత్తి కొట్టుకుంటూ "నిన్ననే గ్రీజు పెట్టించానండీ" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది, కవెంట్రీ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

బ్రేకు గొట్టాలు కూడా మార్పించాం. ఉక్కు గొట్టాలు, ఛాసిస్ పక్కన బురద చేరిన చోట గరుకుగా తేలాయి. గోటితో గీకితే పొడి రాలింది. గట్టిగా బ్రేకు తొక్కిన రోజునే అలాంటి గొట్టం పగులుతుంది, మెల్లగా తొక్కిన రోజున కాదు. వాటి బదులు రాగి, నికెల్ కలిపిన గొట్టాలు వేశాడాయన. గొట్టాల చుట్ట చూడగానే గుర్తుపట్టాను. ఓడల్లో సముద్రపు నీళ్ళ పైపులకి వాడేది ఇలాంటి మిశ్రమమే, తొంభై వంతులు రాగి, పది వంతులు నికెల్. చేత్తో పట్టుకుని కాసేపు వదల్లేదు. ఇల్లు గుర్తొచ్చింది.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గరా ఈ మోజు పెరుగుతోంది, తప్పేం లేదు. 2021 జులైలో కేంద్రం పాత బళ్ళకి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బళ్ళని వింటేజ్ అంటారు. నెంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, పదేళ్ళకి చెల్లుతుంది. రోజూ తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ పెట్రోలుకీ రిపేరుకీ మాత్రమే బయటికి తియ్యాలి. ఇది మీ వ్యాసంలో ఒక్క లైనులో పోయింది, ఇంకా రాయాల్సింది. యాభై ఏళ్ళు నిండని ఫియట్లూ, కాంటెస్సాలూ మామూలు లెక్కలోనే వస్తాయి, పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. మేం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఆయన సంతకం పెడతాడు. పెట్టాడంటే ఆ రోజుకి బండి ఆయన కంటికి బాగున్నట్టు. మిగతా ఐదేళ్ళూ మన కంటికి బాగుండాలి. మన కన్ను ముద్దుచేసే కన్ను. అందుకే కొనదల్చుకున్నవాళ్ళు ఆ బండి మీద ఏ మోజూ లేని ఒక టింకర్ని పిలుచుకుని వెళ్ళండి. మెకానిక్కు ఇంజన్ శబ్దం వింటాడు, టింకర్ రేకు శబ్దం వింటాడు. వాన రోజు వెళ్ళకండి. అమ్మేవాడు స్క్రూడ్రైవర్ మొన ఆనించనివ్వకపోతే అక్కడే టీ తాగి వచ్చెయ్యండి.

చిల్లు మీద లప్పం, ఫైబర్ గుడ్డ, రివెట్లు కొట్టిన అల్యూమినియం ముక్క, ఇవి రిపేర్లు కావు. చెడిన రేకు మంచి రేకు తగిలేదాకా కోసి పారేసి, అంచు చుట్టూ తెగకుండా వెల్డింగ్ చెయ్యాలి. చుక్కలు చుక్కలుగా అతికిస్తే చాలదు. హైదరాబాద్‌లో, విశాఖలో ఈ పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్ళని వెతికి మీరు ఒక వ్యాసం రాస్తే పోయిన వారం రెండు పేజీల వ్యాసం కన్నా ఉపయోగం. బానెట్ మెరిసే ఫొటో పక్కన, దయచేసి, కింద నుంచి తీసిన ఫొటో కూడా ఒకటి వెయ్యండి.

స్పిట్‌ఫైర్ ఏమైందని అడుగుతారు. రెండు సిల్లులూ, నేల రేకులూ, ముందు దిమ్మలూ మారేసరికి కొన్న ధర కన్నా ఎక్కువే అయింది. మా కోడలు ఆ లెక్క కాగితం ఫ్రిజ్ మీద అప్పన్న కిందే అంటించింది. చట్టం అడగకపోయినా మావాడు ఏటా 54 పౌండ్ల 85 పెన్నీలు కట్టి ఎంఓటీ చేయిస్తున్నాడు. అది నేను పెట్టిన షరతు. పోయిన నెల వీడియో కాల్ చేస్తే పైకప్పు తీసేసి కెనిల్‌వర్త్ దారిలో ఉన్నారు. గాలికి ఏమీ వినపడలేదు. మనవరాలు మాత్రం సీటు పక్క నుంచి స్క్రూడ్రైవర్ తీసి కెమెరాకి చూపించింది.

విశాఖలో గానీ, అనకాపల్లి, విజయనగరం దాకా గానీ ఎవరైనా పాత కారు కొనబోతూ తేల్చుకోలేకపోతుంటే నేను వచ్చి చూస్తాను. మోకాళ్ళు ఇంకా వంగుతున్నాయి. నా అడ్రసు మీ ఆఫీసులో ఉంది, అడిగినవాళ్ళకి ఇవ్వండి. డబ్బులేం అక్కర్లేదు, టీ చాలు. కాకపోతే నేనొచ్చేలోపు కింద రంగు మాత్రం వేయించకండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
విశ్రాంత షిప్‌యార్డు ఉద్యోగి,
మల్కాపురం, విశాఖపట్నం.